ఆయుధాల లెక్క సరే, కాలిన ఇళ్ల లెక్క ఎవరు రాస్తారు?

బస్తర్ బాధితుల విషయమై బహిరంగ లేఖ

కేంద్ర హోంమంత్రి గారికి. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రుల గార్లకు. ఆయుధాలు దించిన, దించబోతున్న మావోయిస్టు నాయకులకు

విషయం: కాల్పులు పూర్తిగా ఆగేదాకా ఎదురుచూడకుండా, బస్తర్ బాధితుల జాబితా, పునరావాసం, జరిగిన నేరాల నిజాలు బయటపెట్టే పని ఇప్పుడే మొదలుపెట్టమని కోరడం గురించి.

అయ్యా,

నమస్కారం. భద్రాచలం ఏజెన్సీలో ఒక వలస ఆదివాసీ గూడెంలో పన్నెండేళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నాను. పిల్లలు నన్ను సారూ అంటారు. వాళ్ల తల్లిదండ్రులు మాత్రం ఇప్పటికీ గురూజీ అనే పిలుస్తారు. అది వాళ్లు వదిలి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతంలో, సుక్మా వైపు అలవాటు. ఇక్కడి జనం వీళ్లను గొత్తికోయలంటారు. వీళ్లను అడిగితే మురియా అనో, దోర్లా అనో చెబుతారు.

ఇదే సంగతి మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోది తగు చర్య నిమిత్తం పైకి పంపామన్నారు. మూడోసారి, ఊరు తగలబడినప్పుడు మిగిలిన కాగితమేదైనా ఉంటే ఒరిజినల్ తెమ్మన్నారు. ఒకాయన తన పాత రేషన్ కార్డు తెచ్చి ఇచ్చాడు. నాలుగు నెలల తర్వాత వెళ్తే ఫైల్లో లేదన్నారు. ఏ ఆఫీసో రాయను. అప్పటి సీటు మనిషి బదిలీ అయిపోయాడు, ఇప్పుడు నిలదీస్తే దెబ్బ కొత్తాయనకు తగులుతుంది. కానీ ఆ కార్డు పోవడంతో ఆయనకు తన ఊరి పేరున్న ఏకైక కాగితం పోయింది. అందుకే నాలుగో అర్జీ పెట్టకుండా నలుగురూ చదివేలా ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా గూడెంలో వయసులు చెప్పేటప్పుడు సంవత్సరాలు వాడరు. ఫలానా పిల్ల జుడుంకి ముందు పుట్టింది, ఫలానా వాడు జుడుం తర్వాత అంటారు. మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో ఊరి జనాన్నే దించిన సల్వా జుడుం 2005 జూన్‌లో బీజాపూర్ వైపు, కుట్రు ప్రాంతంలో మొదలైంది. మావోయిస్టుల మీద ప్రజలే తిరగబడ్డారని ప్రభుత్వం చెప్పింది. ఊళ్లవాళ్లకు మూడే దారులు మిగిలాయి. దోర్నపాల్, ఎర్రబోరు లాంటి శిబిరాలకు పోవాలి, లేదా దళం వెంట అడవిలోకి పోవాలి, అదీ కాదంటే రాష్ట్రం దాటి ఇటు రావాలి. శిబిరానికి పోతే దళం శత్రువు, పోకపోతే పోలీసులు శత్రువులు. శిబిరాలూ భద్రం కాలేదు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు, చనిపోయినవాళ్లలో పిల్లలున్నారు. మూడో దారి పట్టినవాళ్లే మా గూడెం.

ఎంతమంది వచ్చారు? పార్లమెంటుకు కేంద్రం చెప్పిన లెక్క 2,389 కుటుంబాలు, 10,489 మంది. అందులో సుక్మా జిల్లా వాళ్లు 9,702, బీజాపూర్ వాళ్లు 579, దంతెవాడ వాళ్లు 208. జుడుం పుట్టిందే బీజాపూర్ వైపు. అక్కడి నుంచి వచ్చింది 579 మందే అంటే ఏజెన్సీలో పనిచేసిన ఏ ఆశా కార్యకర్తా నమ్మదు. వీళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన సంఘాలు చెప్పే సంఖ్య దీనికి కొన్ని రెట్లు. ఏది నిజమో నేను తేల్చలేను. తేల్చగల యంత్రాంగం ఉన్న నలుగురు ఇరవయ్యేళ్లుగా తేల్చకపోవడమే నా ఫిర్యాదు.

మిగతా లెక్కలన్నీ ఎంత గట్టిగా ఉన్నాయో చూడండి. 2026 మార్చి 31 నాటికి నక్సలిజం ఉండదని హోంమంత్రి గారు గడువు పెట్టారు. ఆ గడువు పెట్టిన నాటి నుంచి ఎదురుకాల్పుల్లో ఎందరు పోయారు, ఎందరు లొంగిపోయారు, ఎన్ని ఏకే 47లు, ఎన్ని ఇన్సాస్‌లు దొరికాయి అన్నీ ఒకట్ల స్థానం దాకా పత్రికల్లో వస్తున్నాయి. 2025 మే 21న అబూజ్‌మడ్‌లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు చనిపోయారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో ఆ పార్టీ కమాండర్ హిడ్మా చనిపోయాడు. అక్టోబరులో అగ్రనాయకులు మల్లోజుల వేణుగోపాల్, తక్కళ్లపల్లి వాసుదేవరావు వందలమందితో బయటికొచ్చారు. లొంగిపోయినవారికి పాలసీ ఉంది, తల మీదున్న రివార్డు వారికే ఇస్తారు. మంచిదే, నాకు అభ్యంతరం లేదు. ఆయుధం పట్టినవాడికి పాలసీ ఉన్నప్పుడు, ఏ ఆయుధమూ పట్టకుండా మూటాముల్లె నెత్తిన పెట్టుకుని పారిపోయి వచ్చినవాడికి ఏ పాలసీ ఉంది?

పోరు పూర్తిగా ముగియనివ్వండి, ఇవన్నీ తర్వాత చూద్దాం అని ఒక పెద్ద అధికారి నాతో మర్యాదగానే అన్నారు. ఆ మాటకు జవాబుగా మూడు సంగతులు చెబుతాను.

మొదటిది మా గూడెంలోదే. నిరుడు ఎండాకాలం ఒక పెద్దాయన ఇప్పచెట్టు కింద పుల్లతో నేల మీద తన ఊరు గీశాడు. ఇక్కడ చింతచెట్టు, ఇక్కడ వాగు, వాగు అవతల మా చిన్నాన్న చెలక, ఇది దేవర గుడి అంటూ చూపించాడు. మనవడు వంగి చూసి, తెలుగులో, అక్కడికి బస్సు వస్తదా తాతా అని అడిగాడు. ఆ పిల్లాడికి గోండు మాట అర్థమవుతుంది, తిరిగి పలకడు. ఆ చెలక హద్దు తెలిసినవాళ్లు మా గూడెంలో ఇప్పుడు ఏడుగురు మిగిలారు. నేను వచ్చిన ఏడాది పంతొమ్మిదిమంది ఉండేవారు. తర్వాత చూద్దాం అంటే, ఆ తర్వాతకి సాక్షి ఉండడు.

రెండోది నేపాల్. అక్కడ మావోయిస్టులతో శాంతి ఒప్పందం 2006 నవంబరులో జరిగింది. సత్యాన్వేషణ కమిషన్ వేయడానికే 2015 దాకా పట్టింది. 60 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చి పడ్డాయి. చట్టాన్ని మళ్లీ సవరించేసరికి 2024 వచ్చింది. యుద్ధం ముగిసిన దేశంలోనే, రెండు పక్షాలూ అధికారంలో కూర్చున్నచోటే ఇంత ఆలస్యం జరిగింది. మాయమైన కొడుకు ఫొటో పట్టుకుని అప్పుడు కమిషన్ గడప తొక్కిన తల్లులు ఇప్పుడు ఎందరు ఉంటారు?

మూడోది కొలంబియా, మన మనసు మార్చవలసిన ఉదాహరణ. అక్కడ ఫార్క్ గెరిల్లాలతో యుద్ధం నడుస్తుండగానే, ఇంకా చర్చలకు బల్ల కూడా వేయకముందే, 2011లో బాధితుల చట్టం చేశారు. ఎవరు కాల్చారన్నది అడ్డు పెట్టకుండా నష్టపోయినవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఇప్పుడా జాబితాలో 90 లక్షలకు పైగా పేర్లున్నాయి. భూమి కోల్పోయినవాడు ప్రాథమిక ఆధారం చూపితే చాలు, ఆ భూమి న్యాయంగానే కొన్నానని నిరూపించుకునే భారం ఇప్పుడు దాన్ని పట్టుకున్నవాడి మీద పడుతుంది. 2016లో ఒప్పందం కుదిరాక పెట్టిన ప్రత్యేక న్యాయస్థానం, సైన్యం మామూలు జనాన్ని చంపి గెరిల్లాలని రాసుకున్న హత్యలను 2002 నుంచి 2008 మధ్య కనీసం 6,402గా తేల్చింది. 2025 సెప్టెంబరులో ఒకే వారంలో రెండు తీర్పులు వచ్చాయి. కిడ్నాపుల నేరానికి ఏడుగురు మాజీ ఫార్క్ పెద్దలకు, బూటకపు ఎన్‌కౌంటర్లకు పన్నెండుమంది మాజీ సైనికులకు శిక్షలు పడ్డాయి. నిజం ఒప్పుకున్నందుకు జైలుకు బదులు, బాధితులకు పనికొచ్చే పనులు చేసే శిక్ష ఎనిమిదేళ్ల దాకా ఉంటుంది. ఒప్పుకోకుండా విచారణలో దొరికితే ఇరవయ్యేళ్ల దాకా జైలు. అంతా సవ్యంగా ఉందనడం లేదు. పరిహారం అందనివాళ్లే ఎక్కువ. మరో గెరిల్లా సంస్థ ఇంకా పోరాడుతోంది, 2025 జనవరిలో కటటుంబో ప్రాంతంలో 50 వేలమందికి పైగా ఇళ్లు వదిలిపోయారు. ఒక మూల మంట ఆరకుండానే ఇంకో మూల పేర్లు రాయడం, నేరాలు విచారించడం జరిగిందనే నేను చెప్పేది. దీన్ని సంధికాల న్యాయం అంటారు. పేరు కొత్తగా ఉన్నా పని మనకు తెలిసిందే. ఊళ్లో కొట్లాట జరిగితే దెబ్బలు తిన్నవాళ్లను లెక్కపెట్టాకే పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుంటారు.

ఇక మా విన్నపాలు.

1. బాధితుల రిజిస్టరు తెరవండి. పోలీసుల చేతిలో కాకుండా, నాలుగు ప్రభుత్వాలూ ఒప్పుకున్న రిటైర్డ్ జడ్జి చేతిలో పెట్టండి. జుడుం వాళ్లు ఇల్లు తగలబెట్టినా, దళం ఇన్‌ఫార్మర్ అని చంపినా, మందుపాతర మీద కాలు వేసి పోయినా, బలగాల తూటా తగిలినా ఒకే పుస్తకంలో రాయాలి. చింతల్‌నార్ దగ్గర 2010 ఏప్రిల్ 6న చనిపోయిన 76 మంది జవాన్ల ఇళ్లవాళ్లూ అందులో ఉండాలి. కాగితం లేదన్న కారణంతో ఎవరినీ వెనక్కి పంపొద్దు. ఇల్లు కాలిన మనిషిని కాగితం అడగడమేమిటి? అదే ఊరివాళ్లు ఇద్దరు సాక్ష్యం చెబితే చాలనుకోండి. గోండు, దోర్లా, హల్బీ తెలిసినవాళ్లను కూర్చోబెట్టండి. హిందీ ఫారం మా ముందు పడేసి సంతకం పెట్టమంటే మళ్లీ మొదటికే వస్తుంది.

2. వెనక్కి పోతారా, ఇక్కడే ఉంటారా అన్నది వాళ్లనే తేల్చుకోనివ్వండి, రెండింటికీ దారి చూపండి. మాకు కావలసిన నమూనా కోసం విదేశాలకు పోనక్కర్లేదు. 1997లో మిజోరం నుంచి పారిపోయి త్రిపుర శిబిరాల్లో ఉన్న సుమారు 34 వేలమంది బ్రూ ప్రజల కోసం 2020 జనవరి 16న హోంమంత్రి గారి సమక్షంలోనే ఒప్పందం అయింది. కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు సంతకాలు చేశారు. కుటుంబానికి ఇంటిస్థలం, ఇల్లు కట్టుకోను లక్షన్నర, నాలుగు లక్షల డిపాజిట్, రెండేళ్లపాటు నెలకు ఐదువేలు, రేషన్ ఇచ్చారు. మొత్తం సుమారు 600 కోట్లు. అదే చెయ్యి బస్తర్ వాళ్లకు ఎందుకు రాదు?

ఇక్కడ అటవీ హక్కుల చట్టంలోని ఒక మెలిక చెప్పాలి. 2005 డిసెంబరు 13 కంటే ముందు అన్యాయంగా వెళ్లగొట్టబడినవారికి వేరేచోట భూమి సహా పునరావాసం హక్కుగా ఉంది. జుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో. మా వాళ్లలో ఎక్కువమంది ఊళ్లు వదిలింది 2006, 2007ల్లో. ఇక ఇటువైపు పోడు పట్టా కావాలంటే అదే తేదీకి ముందు నుంచి సాగులో ఉండాలి. అంటే అక్కడ ఆలస్యంగా వెళ్లగొట్టారు, ఇక్కడికి ఆలస్యంగా వచ్చారు. ఒకే తేదీ రెండువైపులా గడియ వేసింది. ఈ ఒక్క వర్గానికి ఆ తేదీ సడలించడం కేంద్రం చేతిలో పని.

ఎస్టీ సర్టిఫికెట్ సంగతి ఇంకా చిత్రం. వాగుకు అవతల ఎస్టీ, ఇవతల ఏమీ కాదు. నా దగ్గర ఐదో తరగతిలో మొదట వచ్చిన పిల్లకు సర్టిఫికెట్ లేక గిరిజన గురుకులంలో సీటు రాలేదు. ఇప్పుడు మిరపతోటలో కాయ కోస్తోంది, రోజుకూలి. ఇలాంటి పిల్లలు ఒక్క మా గూడెంలో ఎనిమిదిమంది.

స్థానిక కోయల కష్టమూ నాకు తెలుసు. అడవి, పోడు, కూలి అన్నింటికీ పోటీ పెరిగింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో రేంజి అధికారిని గొత్తికోయలే నరికి చంపారు, కోర్టు ఇద్దరికి యావజ్జీవం వేసింది. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. అయితే ఆ తర్వాత పక్క మండలాల్లో కూడా మా వాళ్లకు కూలి ఇవ్వడం మానేశారు. ఏ హోదా లేని మనుషులకు ఒకడు చేసిన పాపం అందరికీ అంటుతుంది.

3. ఇప్పటికే తేలినవాటి మీద చర్య తీసుకోండి. కొత్త కమిషన్లు అడగడం లేదు. 2012 జూన్‌లో సర్కేగూడలో బలగాల కాల్పుల్లో 17 మంది చనిపోయారు. వారు మావోయిస్టులన్న ఆధారం లేదని, ఊరివాళ్లు కాల్పులు జరపలేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ 2019లో చెప్పింది. 2013 మే 17న ఎడెస్‌మెట్టలో ఎనిమిదిమంది ఊరివాళ్లు, ఒక జవాను పోయారు. విత్తనాల పండగకు చేరినవాళ్లను చూసి బలగాలు కంగారులో కాల్చి ఉండవచ్చని అదే కమిషన్ తేల్చింది. రెండుచోట్లా జనం కూడింది బీజ్ పండుం కోసం. మన ఏజెన్సీలో కోయలు చేసే భూమి పండగ లాంటిది. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురం, మోర్పల్లిల్లో ఇళ్లు తగలబెట్టిన కేసులో సీబీఐ 2016లో ఛార్జిషీటు వేసింది. ఒక్క తాడ్‌మెట్లలోనే 160 ఇళ్లని సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ ఇళ్లవాళ్లకు శిక్షల కబురు ఇంకా రాలేదు.

ఇది అవతలి రాష్ట్రం సంగతే అనుకోవద్దు. 2007 ఆగస్టులో ఆంధ్రలోని విశాఖ ఏజెన్సీలో వాకపల్లి మహిళలు పోలీసుల మీద పెట్టిన అత్యాచారం కేసులో 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. 13 మందీ నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు సరిగా జరగలేదని కోర్టే చెప్పి బాధితులకు పరిహారం ఇవ్వమంది. పదిహేనున్నరేళ్లు కోర్టు మెట్లు ఎక్కి దిగిన ఆడవాళ్లకు మిగిలింది, తప్పు దర్యాప్తుదని రాసిన ఒక కాగితం. ఎదురుకాల్పులన్నింటికీ 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి పాటించండి. ఎఫ్ఐఆర్ కట్టాలి, వేరే స్టేషన్ వాళ్లో సీఐడీ వాళ్లో దర్యాప్తు చేయాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి.

4. కుర్రాళ్ల చేతికి మళ్లీ తుపాకీ ఇవ్వకండి. జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ నిజ్జర్ 2011 జులై 5న చెప్పింది అదే. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా ఎదురుదాడికి దించడం రాజ్యాంగానికి విరుద్ధమన్నారు. ఆ తీర్పు రాకపోయి ఉంటే 2020 నాటికే నక్సలిజం పోయేదని హోంమంత్రి గారు 2025 ఆగస్టులో అన్నారు. అయ్యా, మా ఊళ్లు కాలింది ఆ తీర్పుకు ఐదేళ్ల ముందు. ఇప్పుడు లొంగిపోయినవాళ్లలో కొందరిని డీఆర్‌జీ అనే జిల్లా పోలీసు బలగంలో చేర్చుకుని ముందు వరుసలో నడిపిస్తున్నారు. 2025 జనవరి 6న కుట్రు దగ్గర మందుపాతర పేలి ఎనిమిదిమంది జవాన్లు, ఒక డ్రైవరు చనిపోతే, అందులో ఐదుగురు ఒకప్పటి మావోయిస్టులేనని పోలీసులే చెప్పారు. జుడుం ఎక్కడ మొదలైందో పైన రాశాను. అదే కుట్రు. లొంగిపోయిన మనిషికి నాగలి ఇవ్వండి, డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వండి, ఏదైనా ఇవ్వండి.

5. జైళ్లు చూడండి. 2017లో బుర్కాపాల్ దాడిలో 25 మంది జవాన్లు పోయాక 121 మంది ఆదివాసీలను పట్టుకున్నారు. ఐదేళ్ల తర్వాత, 2022 జులైలో, ఆధారాల్లేవని కోర్టు అందరినీ వదిలేసింది. ఆ ఐదేళ్లు వాళ్ల చెలకలు ఎవరు దున్నారో, ఆ సొమ్ము ఎవరిస్తారో రిజిస్టరులో ఒక గడి కేటాయించండి.

6. ఇది మావోయిస్టు నాయకులకు. మీలో చాలామంది మా జిల్లాలవాళ్లే, తెలుగే మాట్లాడతారు. మీ మాట మీద నమ్మకంతో ఆ అడవిలోని పిల్లలు తుపాకీ పట్టారు. లొంగిపోయాక మీరిచ్చిన ఇంటర్వ్యూలు కొన్ని చూశాను. సిద్ధాంతం, పంథా, చారిత్రక తప్పిదం అంటూ మాట్లాడుతున్నారు. ప్రజాకోర్టుల్లో ఇన్‌ఫార్మర్లని చంపినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరేం? మా గూడెంలో ఒకావిడ భర్తను 2009లో దళం పిలుచుకుపోయింది. శవం కూడా ఇవ్వలేదు. ఆవిడ ఇప్పటికీ బొట్టు తీయలేదు, పెన్షనుకి వితంతువనీ రాయించుకోలేదు. ఏ వాగు ఒడ్డున పాతిపెట్టారో మీలో ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. చెప్పండి. మందుపాతరలు ఎక్కడెక్కడ పెట్టారో కూడా చెప్పండి, ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు వాటి మీదే నడుస్తున్నారు.

ప్రభుత్వానికీ ఇందులో పనుంది. లొంగిపోయినవాణ్ని ఆయుధాలు ఎక్కడ దాచావని అడుగుతున్నారు. మనుషుల్ని ఎక్కడ పాతిపెట్టారని అడగడం లేదు. లొంగుబాటు ఫారంలో ఆ ఒక్క ప్రశ్న చేర్చండి. నిజం చెప్పినవాడికి కేసులో సడలింపు ఇస్తామనండి. పోలీసుల్లో నిజం చెప్పేవాళ్లకూ ఇదే వర్తింపజేయండి.

ఈ ఆరింటిలో మొదటిదానికి చట్టం అక్కర్లేదు, పార్లమెంటు అక్కర్లేదు. ఒక జీవో, ఒక రిజిస్టరు, గోండు తెలిసిన ఇద్దరు మనుషులు చాలు. వానలు పడితే మా గూడేలకు జీపు రాదు కాబట్టి మే నెలాఖరులోపు ఎవరినైనా పంపండి. ముందు రోజు కబురు పెడితే కూలికి పోకుండా అందరినీ ఉంచుతాను. ఒక పూట కూలి పోతుంది, ఆ సంగతి గుర్తుంచుకుని టైముకు రండి.

మా గూడెంలోని 43 కుటుంబాల జాబితా, వాళ్ల పాత ఊళ్ల పేర్లు, పెద్దాయన నేల మీద గీసిన ఊరికి మా పిల్లలు కాగితం మీద ఎత్తిన నకలు దీనితో పాటు పంపుతున్నాను. మరో కుటుంబం దగ్గర మిగిలిన రేషన్ కార్డు జిరాక్సు కూడా పెట్టాను. కుడి అంచు నల్లగా వచ్చింది, అది మిషన్ లోపం అనుకోకండి, కార్డు ఆ పక్క కాలింది. ఒరిజినల్ చూడాలంటే తీసుకొచ్చి చూపిస్తాం. మీ దగ్గర వదిలి మాత్రం రాం.

ఇట్లు,
వలస ఆదివాసీ గూడెం బడి పంతులు,
భద్రాచలం ఏజెన్సీ